పేరు తీసేసిన కాగితాలు

సతీదేవి టీచర్‌కి కోపం వస్తే గొంతు పెరుగుతుంది. అసహ్యం వేస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది, కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడవడం మొదలెడుతుంది. పయ్యన్నూరు హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ తేడా తెలుసు. కోపంలో ఉన్నప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కళ్ళజోడు తీసిందంటే ఇక నోరు మూసుకుని కూర్చోవడమే.

పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపుకి ఆవిడ ఇరవై రెండు వేసవులు వెళ్ళింది. అక్కడ పేపరు మీద పిల్లల పేరుండదు, బడి పేరుండదు, ఎవరో వేసిన ఉత్తుత్తి నంబరు ఒక్కటే ఉంటుంది. ఒక ఏడాది పక్క బల్ల మాస్టారు అరటికాయ చిప్స్ పొట్లం ముందుకు తోసి, "మా బావమరిది కొడుకు కట్ట మీ దగ్గరికే వచ్చిందట టీచరే, వాడి దస్తూరి కాస్త గుండ్రంగా ఉంటుంది" అన్నాడు. టీచర్ ఆ పొట్లం పట్టుకెళ్ళి క్యాంపు అధికారి బల్ల మీద పెట్టింది. "దీంతోపాటు ఒక బావమరిది కూడా ఉన్నాడు సార్, వివరాలు మా పక్క బల్ల మాస్టార్ని అడగండి" అని వచ్చేసింది. ఆ మాస్టారు ఆ తర్వాత ఎన్నడూ ఆవిడ పక్కన కూర్చోలేదు. ఆ ఖాళీ కుర్చీని చూసుకుని ఆవిడ కొంచెం గర్వపడేది కూడా.

బడికి కంప్యూటర్లు వచ్చేనాటికి ఆవిడకి నలభై నాలుగేళ్ళు. వాటిలో వేసిచ్చినవన్నీ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పదిమందికీ పంచొచ్చు అని చెబితే ఆవిడకి అది లెక్కల్లాగే అనిపించింది. పైథాగరస్ దగ్గర ఎవరు లైసెన్సు కొన్నారు? అలా మొదలై, పిల్లల దగ్గరే నేర్చుకుని, రిటైరయ్యే నాటికి ప్రోగ్రాం రాయడం ఆవిడకి పొద్దున్నే బియ్యప్పిండి ఆవిరి పెట్టి పుట్టు చేసినంత అలవాటైపోయింది. భర్త బాలన్ బస్సు కండక్టరు చేసి రిటైరయ్యాడు. "అందరి ఆడవాళ్ళూ సీరియల్ చూస్తారు, మా టీచర్ తెర మీద చీమల బారు చూస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

రిటైరయ్యాక ఆవిడ చేరింది 'ఊన్నువడి'లో. అంటే చేతికర్ర. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నొప్పి తగ్గించే మందులిచ్చి, పుళ్ళు కడిగి, నాలుగు మాటలు చెప్పి వచ్చే క్లినిక్కులు ఉత్తర కేరళలో వీధికొకటి ఉంటాయి. ఆ నర్సుల ఫోన్లో ఈ రోజు ఏ ఇంటికి వెళ్ళాలి, ఎవరికి ఏ మందు అని చూపించే ప్రోగ్రామే ఊన్నువడి. దాన్ని పదకొండేళ్ళ కిందట మొదలుపెట్టింది కుంజిరామన్ మాష్, అంటే మాస్టారు, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్. అరవై క్లినిక్కులు వాడుతున్నాయి. ఎవరికీ జీతం లేదు. జీతం లేదు కాబట్టి తప్పు కూడా లేదని వాళ్ళందరూ మనసారా నమ్మేవాళ్ళు.

ప్రోగ్రాంలో మార్పు చేసి ఎవరైనా పంపొచ్చు. దాన్ని చదివి, బాగుందంటే లోపల కలపడానికి మాత్రం తాళాలు అయిదుగురి దగ్గరే ఉండేవి. మాష్ దగ్గర ఒకటి, టీచర్ దగ్గర ఒకటి, కొచ్చిలో పెద్ద కంపెనీలో పని చేసే షైజు దగ్గర ఒకటి, కాలేజీలో పాఠాలు చెప్పే రంజిని దగ్గర ఒకటి, మాష్ అల్లుడి దగ్గర ఒకటి. అల్లుడు ఏదన్నా పంపితే షైజు ఏడు నిమిషాల్లో 'సూపర్' అని కలిపేసేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపితే ఏడు నెలలైనా దాని మీద ఈగ వాలేది కాదు. వాలినా షైజు వాలేవాడు, "ప్రోగ్రాం రాశావా, పప్పు రుబ్బావా?" అని అందరికీ కనిపించేలా ఒక ముక్క రాసి పోయేవాడు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని మనకో సామెత ఉంది. అక్కడ కానివాళ్ళకి కంచం కూడా దక్కేది కాదు.

మరి టీచర్ ఏం చేసేది? ఆవిడ ఎవర్నీ వెక్కిరించేది కాదు. కొత్తవాళ్ళు ఏది పంపినా అరగంట తిరక్కుండా మర్యాదగా ఒక వాక్యం పంపేది: 'దయచేసి ముందు నియమావళి చదివి, ఆ ప్రకారం సరిచేసి మళ్ళీ పంపండి.' మాష్ మొదట్లో ఆవిడకి నేర్పిన వాక్యమది. నియమావళి ఉన్న చోట తాను పని చేస్తున్నానని ఆవిడకి తృప్తిగా ఉండేది. ఎనిమిదేళ్ళు అదే వాక్యం పంపింది.

ఆ ఏడాది కర్కటకం నెల వానల్లో ఒక ఉదయం ఆవిడ తెర ముందు కూర్చునేసరికి ఒక ఉత్తరం ఉంది. పంపింది సఫూరా, కాసరగోడ్ జిల్లా కొండల వైపు ఇళ్ళకి తిరిగే నర్సు. నాలుగు నెలల కిందట ఒక మార్పు పంపింది, టీచర్ వాక్యం అందుకుంది. ఇప్పుడు ఇలా రాసింది: 'టీచర్, నాలుగు నెలలుగా ఆ నియమావళి వెతుకుతున్నాను. నాకు కనబడలేదు. తప్పు నాదే అయ్యుంటుంది. ఎక్కడుందో చెబుతారా?'

"చూడు బాలేట్టా, ఈ కాలం పిల్లలకి కళ్ళెదురుగా ఉన్నది కనబడదు" అని సణుక్కుంటూ టీచర్ ఆ పేజీ తెరిచింది, లింకు పంపుదామని. పేజీ పైన పెద్దక్షరాల్లో 'నియమావళి' అని ఉంది. దాని కింద 'త్వరలో' అని ఉంది. మాష్ రాశారు, పదకొండేళ్ళ కిందట. అంతే. ఇంకేమీ లేదు.

ఆవిడ పేజీని కిందకి జరిపింది, పైకి జరిపింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. లేని నియమాలు చదువుకు రమ్మని తాను ఎంతమందిని పంపేసిందో లెక్క తీసింది. రెండు వందల పన్నెండు మంది.

కళ్ళజోడు తీసింది.

"ఏమైంది టీచరే, పుట్టు చల్లారిపోతోంది" అన్నాడు బాలన్ వంటింట్లోంచి.

"నాకొద్దు."

"శనగల కూరలో ఉప్పు ఎక్కువైందా?"

"రెండు వందల పన్నెండు మందిని గేటు దగ్గరే నిలబెట్టి, టికెట్ తీసుకురండి అన్నాను. టికెట్లు అమ్మే కౌంటరే లేదు బాలేట్టా. ఎనిమిదేళ్ళ నించీ లేదు."

ముప్ఫై ఏళ్ళు కండక్టరు చేసిన మనిషికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. బాలన్ పళ్ళెం తెచ్చి ఆవిడ పక్కన పెట్టి, "వాళ్ళు బస్సెక్కకుండా నడిచెళ్ళిపోయుంటారు పాపం" అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు.  బావమరిది పొట్లాన్ని అధికారి బల్ల మీద పెట్టిన తనేనా ఇది? గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పిందో. తన మీద తనకి అంత రోత ఎన్నడూ పుట్టలేదు.

ఆ ఉదయమే సఫూరా పంపిన మార్పు తెరిచి అక్షరం అక్షరం చదివింది. సంగతి చిన్నది. మాష్ ఊన్నువడిని మొదలుపెట్టిన రోజున ఇంటికో కార్డు అని పెట్టారు. ఇంటి పేరు కొడితే కార్డు వస్తుంది, అందులో రోగి పేరు, మందులు. ఇంట్లో ఇద్దరు రోగులుంటే? రెండో మనిషిని ఎక్కించబోతే ప్రోగ్రాం 'ఈ ఇల్లు ఇదివరకే ఉంది' అని మొదటి మనిషినే చూపిస్తుంది. సఫూరా దాన్ని విప్పి మనిషికో కార్డుగా మార్చింది. ఎందుకు మార్చిందో కింద రాసింది కూడా: 'మా వైపు ఒక ఇంట్లో కణ్ణేట్టన్, పారుయేడత్తి అని మొగుడూ పెళ్ళాలు. ఇద్దరికీ క్యాన్సరే. కార్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను సెలవు పెట్టిన రోజున వేరే నర్సు వెళితే ఆయనకి మందిచ్చి వచ్చేస్తుంది. పారుయేడత్తి నాక్కూడా నొప్పి అని చెప్పదు. వచ్చిన నర్సుకి చాయ పెట్టి ఇస్తుంది.'

టీచర్ వెంటనే మాష్‌కి ఫోన్ చేసింది.

"మంచి మార్పు మాషే. ఇవాళే కలపాలి. మీరు పెట్టిన పద్ధతి మారుతోంది కాబట్టి మీరూ సరే అనాలి."

"ఆ అమ్మాయి ఎవరి తాలూకు టీచరే?"

"నర్సు."

"అది కాదు. మనవాళ్ళెవరికైనా తెలుసా అని."

"ఆవిడ రాసింది చదివితే తెలుస్తుంది కదా మాషే."

"చదువుతాను, చదువుతాను. కాకపోతే ఇంటికో కార్డు అన్నది ఒక పద్ధతి. పదకొండేళ్ళ నించీ నడుస్తోంది. నిన్నకాక మొన్న వచ్చిన పిల్ల చెప్పిందని పునాది కదిలిస్తామా? ఇంతకీ ఆ ఇబ్బందేమిటన్నారూ, ఇంకోసారి చెప్పండి" అన్నారు మాష్. టీచర్ అమాయకంగా ఇంకోసారి, ఇంకా వివరంగా చెప్పింది.

ఆ వారమంతా ఆవిడ కూర్చుని నియమావళి రాసింది. ఎక్కడా చూసి కాపీ కొట్టలేదు, పేపర్లు దిద్దే క్యాంపునే తలుచుకుంది. మార్పు పంపినవారి పేరు తీసేసి నంబరు వెయ్యాలి, ఆ నంబర్ల పట్టీ సీలు కవర్లో ఉండాలి. దిద్దేవాళ్ళు ఇద్దరుండాలి, తనవాళ్ళది తను దిద్దకూడదు. పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో రాయాలి, రాసిన పని గురించే రాయాలి తప్ప రాసిన మనిషి గురించి కాదు. సంతకం పడ్డాక ఫలితం మార్చాలంటే కొత్త తప్పు చూపించాలి. బాలన్‌కి చదివి వినిపిస్తే, "సీటు దొరికినవాడు లేచేదాకా ఇంకొకడు ఆ సీటు మీద రుమాలు వెయ్యకూడదని కూడా రాయి" అన్నాడు. ఆవిడకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఊన్నువడి వాళ్ళ ఫోన్ గుంపులో పెట్టగానే చప్పట్ల బొమ్మలు వానలా కురిశాయి. చారిత్రాత్మకం అన్నాడు షైజు. ఇన్నాళ్ళూ మనకి లేనిది ఇదే అంది రంజిని. ఇన్నాళ్ళూ లేదని వీళ్ళకి తెలుసన్నమాట! మాష్ అన్నింటికన్నా గొప్పగా రాశారు: 'మొదటి విడతలో నేను కూడా ఒక మార్పు పంపుతాను. నన్ను కూడా అందరిలాగే దిద్దండి. చట్టం ముందు పెద్దా చిన్నా లేదు.'

ఆదివారం పొద్దున ఊరి గ్రంథాలయం వాయనశాల మేడ మీద హాల్లో అందరూ చేరారు. టీచర్ ఆరు మార్పులు కాగితాల మీద అచ్చు తీసి, పేర్లు తీసేసి, ఎర్ర సిరాతో నంబర్లు వేసి తెచ్చింది. ఏ నంబరు ఎవరిదో ఆవిడకొక్కదానికే తెలుసు, అందుకని తాను దిద్దడానికి కూర్చోలేదు. మార్పు పంపారు కాబట్టి మాష్ కూడా పక్కన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు, పరిప్పువడ అనే పప్పు వడ, పాలు లేని కట్టన్ చాయ ముందు పెట్టుకుని. దిద్దేవాళ్ళు షైజు, రంజిని. చూడ్డానికి ఇంకో పదిమంది వచ్చారు.

మొదటి మూడూ చిన్నవి, సాఫీగా అయిపోయాయి. నాలుగో నంబరు కాగితం తియ్యగానే షైజు ముక్కు చిట్లించాడు.

"ఇదేమిటిది? ఒకే ఇంట్లో ఇద్దరు రోగులుంటే ఏం చెయ్యాలన్నదానికి ఇతని మందు చూడండి. కార్డు అలాగే ఉంచి, కింద 'మరియు ఇతరులు' అని ఒక లైను చేర్చాడు. శుభలేఖనుకున్నాడా? సకుటుంబ సపరివారంగా విచ్చేసి మందు పుచ్చుకోండి!"

హాలంతా గొల్లుమంది. రంజిని కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఇతరుల మందులు ఎక్కడ రాసుకోవాలట? మొదటివాళ్ళ మందులే అందరికీ చూపిస్తోంది. చంపేస్తాడు ఎవర్నో" అంది. ఇద్దరూ 'తిరస్కరించాం, ప్రమాదకరం' అని రాసి సంతకాలు పెట్టారు. టీచర్ మాష్ వంక చూడకూడదనుకుంటూనే చూసింది. నాలుగో నంబరు ఆయనది. టీచర్ ఫోన్లో చెప్పింది విని, దాని మీద తను ముందుగా చెయ్యి వేద్దామని హడావిడిగా రాసి పంపారు. ఆయన పరిప్పువడలో పచ్చిమిరపకాయ ముక్కలు ఏరి పళ్ళెం అంచున వరసగా పెడుతున్నారు.

అయిదోది దాటి ఆరో నంబరుకొచ్చారు, అదీ ఆ సమస్య మీదే. షైజు చదవడం మొదలుపెట్టినవాడు మెల్లగా నిటారుగా కూర్చున్నాడు.

"ఇదీ! దీన్నంటారు ప్రోగ్రాం అని. మనిషికో కార్డు. పాత కార్డులు ఒక్కటి చెడలేదు. ఎంత శుభ్రంగా రాశారో. ఇది చదువుతుంటేనే ఎవరి చెయ్యో తెలిసిపోతోంది. పేరు చెప్పకూడదు కాబట్టి చెప్పను" అని కిటికీ వైపు ఓర చూపు చూశాడు.

"పదకొండేళ్ళ అనుభవం ఉంటే తప్ప ఇలా రాయలేరు" అంది రంజిని, తనూ అటే చూస్తూ. ఇద్దరూ 'ఉత్తీర్ణం' అని రాసి సంతకాలు పెట్టారు.

అందరూ అటే చూశారు. ఎవరో ఇద్దరు చప్పట్లు కొట్టారు. అప్పుడు కుంజిరామన్ మాష్ ఏం చేశారనుకున్నారు? అది నాది కాదు అనలేదు. చాయ గ్లాసు కింద పెట్టి, కొంచెం సిగ్గుపడుతున్నట్టు, వినయంగా తలవంచి ఆ చప్పట్లు పుచ్చుకున్నారు.

ఇక్కణ్ణించి ఆయన గురించి 'అన్నారు, చేశారు' అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రాయను.

టీచర్ లేచి సీలు కవరు చింపింది. గొంతు చాలా తగ్గిపోయింది. "నాలుగు, కుంజిరామన్ మాష్. ఆరు, సఫూరా, నర్సు" అని చదివింది.

 అందరికన్నా ముందు తేరుకున్నది షైజు. నాలుగో కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ... ఇప్పుడు నింపాదిగా చూస్తే, ఈ 'మరియు ఇతరులు' అనడంలో ఒక ముందుచూపు ఉంది. రేపు ఇంట్లో ముగ్గురుంటే? నలుగురుంటే?"

"అవును, నేను మొదట గమనించలేదు. పునాది కదపకుండా చేశారు. అది పెద్దవాళ్ళ పద్ధతి" అంది రంజిని.

"ప్రమాదకరం అని సంతకం పెట్టావుగా రంజినీ" అంది టీచర్.

"తొందర్లో పెట్టాను టీచర్."

"ఆరో నంబరులో తప్పేమిటి?"

"తప్పని కాదు" అన్నాడు షైజు. "బాగానే ఉంది. కాకపోతే, ఎవరీ అమ్మాయి? రేపు ఉంటుందో లేదో. నర్సు కదా, గల్ఫ్‌కి వెళ్ళిపోతుంది. అప్పుడు దీన్నెవరు చూసుకుంటారు? కొన్నాళ్ళు ఆగుదాం."

ఇందాక 'ఎంత శుభ్రంగా రాశారో' అన్న నోరే అది. ఒక్క అక్షరం మారలేదు కాగితం మీద. మారింది పేరొక్కటే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డన అయిపోయాక, తింటున్న మనిషి ముందు నించి విస్తరి లాగి ఇంకొకరి ముందు పెడుతున్నారు. టీచర్‌కి కుళ్ళిన చేపల బుట్ట పక్కన నిలబడ్డట్టుంది.

మాష్ చెయ్యెత్తి అందర్నీ శాంతించమన్నాడు. "నా మార్పు పోతే పోనీండి. నాకేం బాధ లేదు. టీచర్ రాసిన నియమాలు బంగారం లాంటివి. కాకపోతే ఒక చిన్న లోపం ఉంది. ఇల్లు కట్టినవాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి నువ్వెవరు అని అడగడం మర్యాద కాదు. స్థాపకులకి ఇవి వర్తించవు అని ఒక్క ముక్క చేరిస్తే సంపూర్ణం అవుతుంది. నా కోసం కాదు, రేపు వచ్చేవాళ్ళ కోసం."

ఊన్నువడికి స్థాపకుడు ఆయనొక్కడే. రేపు ఇంకో స్థాపకుడు ఎక్కణ్ణించి పుట్టుకొస్తాడో ఎవరూ అడగలేదు. చేతులెత్తమన్నారు, ఎత్తారు. చూడ్డానికొచ్చిన పదిమందీ ఎత్తారు. నాలుగో నంబరు లోపలికి, ఆరో నంబరు 'తర్వాత చూద్దాం'లోకి అని షైజు పుస్తకంలో రాసుకున్నాడు.

టీచర్ సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి తెరిచింది.

"ఏం చేస్తున్నారు టీచర్?" అన్నాడు షైజు.

"క్యాంపులో పట్టీ మీద రెండు సంతకాలు పడ్డాక ఏం చేస్తారో అదే. ఆరో నంబరు కాగితం మీద నీ సంతకం ఉంది, రంజిని సంతకం ఉంది. ఉత్తీర్ణం. లోపల కలిపేస్తున్నాను."

"ఇప్పుడే కదా అందరం కలిసి నిర్ణయించాం!"

"మీరు నిర్ణయించింది స్థాపకుల గురించి. ఈ అమ్మాయి స్థాపకురాలు కాదుగా. పాత నియమం ఈవిడకి అలాగే ఉంది. కొత్త తప్పు చూపించు, ఆపేస్తాను."

 టీచర్ మీట నొక్కి, లాప్‌టాప్ మూసి, గొడుగు తీసుకుని మెట్లు దిగింది. వెనక నించి మాష్ గొంతు వినబడింది, మెత్తగా. "వయసొచ్చింది కదా, కాస్త చాదస్తం. ఏమనుకోకండి." ఆయన ఆవిడకన్నా పన్నెండేళ్ళు పెద్ద.

ఆ సంతోషం ఆవిడకి ఎంతసేపు? అన్నం తిని చెయ్యి కడుక్కుని తెర ముందుకొచ్చి చూసింది, సఫూరా మార్పు తీసేశారు. తీసేసింది అల్లుడి తాళంతో. ఆ కిందే ఇంకో సందేశం, 'భద్రతా కారణాల వల్ల సతీదేవి టీచర్ ప్రవేశం తాత్కాలికంగా నిలిపివేయడమైనది' అని. మొత్తం మీద ఆ మార్పు మూడు గంటల నలభై నిమిషాలు లోపల ఉంది.

ఆవిడ సఫూరాకి ఫోన్ చేసింది. ఎప్పుడూ మాట్లాడలేదు ఆ అమ్మాయితో. వాన చప్పుడులో గొంతు సన్నగా వినబడింది.

"సఫూరా, నేను సతీదేవి టీచర్ని. నన్ను క్షమించమని అడగడానికి చేశాను."

"అయ్యో, అదేంటి టీచర్! పొద్దున్న కలిసిందని చూడగానే మా క్లినిక్‌లోకి దింపేసుకున్నాం. పారుయేడత్తికి కార్డు చేశాను. పక్క ఊళ్ళ క్లినిక్కులకి కూడా పంపాను. మొత్తం పదకొండు."

"వాళ్ళు తీసేశారమ్మా దాన్ని."

"తీసేస్తే ఏం టీచర్? ఓపెన్ సోర్సే కదా, మా కాపీ మా దగ్గరుంటుంది. ఎవరొచ్చి తీస్తారు?" అని నవ్వింది. "ఆ నియమాలేవో ముందే కనబడుంటే ఇంకా త్వరగా అయ్యేది. నేను సరిగ్గా వెతకలేదేమోనని ఎంత తిట్టుకున్నానో" అంది.

టీచర్ 'నియమాలు లేవమ్మా, నేను అబద్ధం చెప్పాను' అనాలనుకుంది. అంది కూడా. 

"అందరికీ అలాగే చెప్పారా టీచర్?" అంది సఫూరా.

"అందరికీ."

"మరి వాళ్ళు పంపినవి చదివారా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నర్సు అడిగినట్టే అడిగింది, మందు వేసుకున్నారా అన్నట్టు. లేదు, చదవలేదు. షైజు కనీసం చదివి వెక్కిరించేవాడు. ఆవిడ చదవకుండానే మర్యాద చేసింది.

ఫోన్ పెట్టేసి ఆవిడ మళ్ళీ తెర ముందు కూర్చుంది. తాళం పోయినా చదవడానికి ఎవరూ అడ్డం లేదు, అన్నీ అందరికీ కనిపించేవే. మొదటి నించి ఒక్కొక్కటే తెరిచింది. కొన్ని నిజంగానే పనికిరానివి. కొన్ని బాగున్నాయి. కొన్ని చాలా బాగున్నాయి. ఒక్కొక్కటి పూర్తిగా చదివి, ఏది బాగుంది, ఏది బాగా లేదు అని కింద రాస్తూ పోయింది. బాలన్ చాయ తెచ్చి పెట్టి, పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

ముప్ఫై ఏడోది తెరిచాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమిటి టీచరే?"

ఆవిడ తెర వైపు చూపించింది. బాలన్ లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆరేళ్ళ కిందటిది. ఇడుక్కిలో తేయాకు తోటల క్లినిక్ నించి ఎల్సమ్మ అనే ఆవిడ పంపింది. ఇంటికో కార్డు తీసేసి మనిషికో కార్డు చేసింది. రాసిన తీరు సఫూరాదంత శుభ్రంగా లేదు, పని మాత్రం అదే. కింద రెండు వాక్యాలు రాసింది: 'మా ఇంట్లో మా అమ్మ, మా అత్తగారు పక్కపక్క మంచాల మీద ఉన్నారు. అత్తగారి పేరు ముందు ఎక్కింది కాబట్టి ఆవిడకి మందు వస్తోంది, అమ్మకి రావడం లేదు.'

దాని కింద జవాబు ఉంది. ఇచ్చింది సతీదేవి టీచర్. పంతొమ్మిది నిమిషాల్లో ఇచ్చింది. ఆ తర్వాత ఎల్సమ్మ మళ్ళీ ఏమీ పంపలేదు.

"ఆరేళ్ళంటే..." అని బాలన్ వేళ్ళు లెక్కపెట్టబోయాడు. లెక్కలు ఆవిడకి వచ్చు.

ఎల్సమ్మ ఇచ్చిన నంబరుకి టీచర్ ఫోన్ చేసింది. మోగింది. ఒక మగ గొంతు పలికి, ఎల్సమ్మ పనిలోకెళ్ళింది, మీరెవరు అంది.

"ఊన్నువడి నించి. ఆవిడ ఆరేళ్ళ కిందట ఒకటి పంపింది. చదివానని చెప్పాలి."

"ఏం పంపింది?"

"వాళ్ళమ్మ గురించి."

"ఆవిడ పోయి ఆరేళ్ళయిందండీ" అన్నాడు అతను. "ఇప్పుడు చదివారా?"